చూపుల బురుజెక్కిన అచ్చాయమ్మ

అనగనగా, అలా అలా అనగా, సముద్రం ఒడ్డున ఒక ఊరుంది. దాని పేరు రేవుపట్నం. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో బంగారూ, చల్లగాలి వస్తోంది. ఆఁ, ఆ ఊరికి నట్టనడుమ ఒక పెద్ద బురుజుంది. దానికి మూడు వందల మెట్లు. దాన్ని అందరూ చూపుల బురుజు అనేవాళ్ళు.

వెనకటికి ఒక రాజుగారు శత్రువుల ఓడలు వస్తే కనిపెట్టాలని దాన్ని కట్టించాడు. ఏళ్ళు గడిచాయి. ఒక్క శత్రువూ రాలేదు. కాపలావాళ్ళు పైన కూర్చుని ఆవలించీ ఆవలించీ దవడలు నొప్పెట్టి కిందికి దిగేవాళ్ళు. అప్పుడు రాణిగారు, "శత్రువులు రాకపోతే పోనీండి, మన జనాన్నైనా ఎక్కనివ్వండి. ఎవరిల్లు వాళ్ళు చూసుకుని మురిసిపోతారు" అంది. అప్పట్నించీ ఊళ్ళోవాళ్ళు దానిమీదికెక్కి ఊరు చూడ్డం మొదలుపెట్టారు. గురువారం మాత్రం ఆడవాళ్ళకి.

పైకెక్కినందుకు ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. కానీ ఒక కట్టుబాటుంది. బురుజు వాకిలి పక్కన పొడుగాటి రాతి అరుగుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నిండు నెలలవాళ్ళు, చూపు ఆననివాళ్ళు, అంటే ఎక్కలేనివాళ్ళంతా ఆ అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఎక్కి దిగినవాళ్ళు, పైన ఏం చూశారో వాళ్ళకి చెప్పాలి. చెప్పాకే ఇంటికి పోవాలి. బురుజు కాపలా చూసే కోటమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "ఏం చూశావు తల్లీ, చెప్పి కదులు" అనేది.

ఆ ఊళ్ళో ఉప్పువీధిలో అచ్చాయమ్మని ఒకావిడ ఉండేది. ఆవిడ నోరు పెద్దది. మనసు మెత్తనిదే, కానీ నోరు ముందు నడిచేది, మనసు వెనక నడిచేది. పుట్టి బుద్ధెరిగి ఒక్కసారైనా బురుజెక్కలేదు. "ఊరు చూడ్డానికి మెట్లెందుకు, వీధిలోకెళ్తే కనపడదా?" అనేది.

ఆవిడకి ఒక్కడే కొడుకు. పడవ మీద ఉప్పు వేసుకుని దూరదూరాలు పోయేవాడు. మాఘమాసంలో వాడికి పెళ్ళి చేసింది. అప్పుడు ఆ ఇంటికి నీలవేణి అనే కోడలొచ్చింది.

నీలవేణికి చూడ్డమంటే ఇష్టం. చీమల బారు చూసేది. కాగుతున్న పాలమీద పొంగు చూసేది. గోడమీద ఎండ పాకడం చూసేది. సాయంత్రం అత్తగారి పక్కన కూర్చుని, "అత్తయ్యా, ఇవాళ మన మేడ మీద ఒక పావురం ఇంకో పావురానికి తల దువ్వింది" అని చెప్పేది. అచ్చాయమ్మ కూర తరుగుతూ, విననట్టు మొహం పెట్టి, అంతా వినేది. మర్నాడు సాయంత్రం ఎప్పుడవుతుందా అని కూడా చూసేది. ఆ మాట మాత్రం బయటికి చెప్పేది కాదు.

ఇలా ఉండగా జ్యేష్ఠం ఆఖర్న ఒకరోజు అచ్చాయమ్మ గుమ్మడి వడియాలు పెట్టింది. రెండు చీరల నిండా పెట్టింది. కోడల్ని కాపలా ఉండమని తను గుడికి పోయింది. అప్పుడు సముద్రం వైపునించి ఒక మబ్బు వచ్చింది. నల్లగా, నెమ్మదిగా, నీళ్ళు తాగొచ్చిన గేదెలా వచ్చింది. నీలవేణి దాన్నే చూస్తూ కూర్చుంది. చూస్తూ చూస్తూ ఉండగానే అది కురిసింది. వడియాలన్నీ పిండి పిండి అయిపోయాయి.

అచ్చాయమ్మ తడుస్తూ వచ్చి చూసింది. ఒళ్ళు మండింది. ఇక నోరు ముందు నడిచింది. "నోరు తెరుచుకుని చూడ్డం తప్ప మీ అమ్మ నీకేమీ నేర్పలేదా? ఆవిడకేమైనా వస్తేగా నేర్పడానికి!" అంది.

తనని ఏమన్నా నీలవేణి ఊరుకునేదేమో. కానీ వాళ్ళమ్మ తులశమ్మ, మొగుడు పోయాక, రాత్రీ పగలూ విస్తళ్ళు కుట్టి ఒక్కతే ఆ పిల్లని పెంచింది. నీలవేణి తడిసిన చీరలు పిండి, ఆరేసి, లోపలికి పోయింది. ఆ సాయంత్రం అత్తగారి పక్కన కూర్చోలేదు.

తెల్లారితే ఆషాఢం. ఆషాఢమంటే తెలుసుగా నీకు? కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళాలి. ఆ నెలంతా అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. ఒకళ్ళు దాటిన గడప ఇంకొకళ్ళు దాటకూడదన్నమాట. అప్పుడు నీలవేణి కూడా వెళ్ళింది. కానీ నెల రోజులకి నాలుగు చీరలు పట్టుకెళ్తారు గదా, ఆ పిల్ల తనవన్నీ సర్దుకుని, ఇల్లంతా ఊడ్చిపెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళింది.

ఇక అచ్చాయమ్మ గుండెలో రాయి పడింది. శ్రావణం వస్తుంది గానీ కోడలు వస్తుందా? వెళ్ళి ఆ పిల్లని చూద్దామంటే, ఆషాఢం, వాళ్ళ గడప దాటకూడదు. కబురు పెడదామంటే, ఏమని పెట్టాలి? నిజం చెప్పనా బంగారూ? ఆషాఢం ఒక వంక. తప్పు నాదే అని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. అంత పెద్ద నోరు, ఆ ఒక్క మాటకి రాలేదు.

అప్పుడు ఆవిడకి బురుజు గుర్తొచ్చింది. పైకెక్కితే ఊరవతల విస్తరాకుల వీధిలో తులశమ్మ మేడ కనబడుతుంది. పిల్ల ఎలా ఉందో దూరంనించి చూసి రావచ్చు, ఎవరికీ తెలియక్కర్లేదు, అనుకుంది.

మొదటి గురువారం అచ్చాయమ్మ బయల్దేరింది. బురుజు గడప దాటి, కుంటుకుంటూ మూడు వందల మెట్లూ ఎక్కింది. పైకి వెళ్ళి చూస్తే ఏముంది? మబ్బు! బురుజు చుట్టూ తెల్లగా, దూదిపరుపు విప్పదీసినట్టు మబ్బే. అది కిటికీలోంచి లోపలికొచ్చి ఆవిడ చుట్టూ తిరిగింది. కనురెప్పల మీద చన్నీళ్ళు చల్లి పోయింది. ఊరు కనబడలేదు గానీ వినబడింది. ఎక్కడో గుడిగంట. ఎక్కడో రోకటి పోటు. ఎక్కడో ఎవరో పిల్లని పేరుపెట్టి పిలుస్తున్నారు. ఊరంతా ఆ మబ్బు కింద పడుకుని కలవరిస్తున్నట్టుంది. అచ్చాయమ్మకి తను ఎక్కడుందో కూడా తెలీలేదు. ఎంతసేపో అలాగే నిలబడింది.

ఆ తర్వాత దిగింది. అరుగు మీద తాటాకు గొడుగులు వేసుకుని నలుగురైదుగురు కూర్చున్నారు. "ఏం చూశావమ్మా?" అంది మోకాళ్ళ నొప్పుల పేరమ్మ.

"మబ్బు" అంది అచ్చాయమ్మ.

"మబ్బేనా?"

"మబ్బే. ఇంకేం ఉంటుంది పైన?" అని ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

రెండో గురువారం వాన తెరిపిచ్చింది. అచ్చాయమ్మ మళ్ళీ ఎక్కింది. ఈసారి ఊరంతా కనబడింది. కళ్ళు తిరిగినంత పని అయింది. ఒకవైపు సముద్రం, కుంకుడురసం నురగలా అంచు. ఇంకోవైపు కొబ్బరితోటలు. నడుమన ఎర్రటి పెంకుల ఇళ్ళు, తెల్లటి మేడలు, వాటి మధ్య సందులు. మనుషులు చేతి గోరంత ఉన్నారు. బండ్లు కదులుతున్నట్టే లేవు. వీధులు మెలికలు మెలికలుగా, పైనించి చూస్తే ఎవరో పెద్ద ముగ్గు వేసి మధ్యలో వదిలేసి పోయినట్టున్నాయి.

కానీ తులశమ్మ ఇల్లేదీ? అన్నీ ఒకలాగే ఉన్నాయి. ప్రతి మేడ మీదా చీరలే. ప్రతి చీర పక్కనా ఒక పిల్లే. ఒక పిల్లని చూసి నీలవేణే అనుకుంది. కాదు. ఇంకో పిల్లని చూసింది. కాదు. మూడో పిల్లని చూసేసరికి కళ్ళలో నీళ్ళొచ్చి ఊరంతా కరిగిపోయింది. నెల రోజులు కూడా కాలేదు, ఆ పిల్ల నడక నాకు గుర్తు లేకుండా పోయిందా అని భయపడింది.

ఆ తర్వాత దిగింది. "ఏం చూశావమ్మా?" అని అడిగింది పేరమ్మ.

అచ్చాయమ్మ ఊరిని చూస్తేగా చెప్పడానికి! ఇల్లొక్కటే వెతికింది. అయినా తడుముకోకుండా, "ఆఁ, అన్నీ చూశాను. ఓడలు చూశాను. గుడి మీద జెండా చూశాను. రేవులో గుడి ఏనుగు స్నానం చేస్తుంటే చూశాను" అంది.

"ఏనుగా?" అంది పేరమ్మ. "ఏనుగుని పోయిన వేసవిలోనే కొండమీది గుడికి తోలుకుపోయారు గదమ్మా!"

అరుగంతా గొల్లుమని నవ్వింది. ఒక గొడుగు కింద మాత్రం నవ్వు వినబడలేదు. అచ్చాయమ్మకి మొహం చెల్లలేదు. గబగబా చెప్పులు వేసుకుంది.

అప్పుడు గుమ్మం దగ్గర కోటమ్మ నెమ్మదిగా అంది, "అచ్చాయమ్మగారూ, పైనించి ఇల్లు దొరక్కపోతే మామూలుగా వెతక్కూడదు. ముందు మీ ఇల్లు చూడండి. అక్కణ్ణించి, కోడల్ని తెచ్చుకున్న దారినే వెనక్కి నడవండి. కాళ్ళతో కాదు, కళ్ళతో."

"నేను కోడలి ఇల్లు వెతికానని ఎవరన్నారు?" అని అచ్చాయమ్మ కసిరింది. కోటమ్మ బుగ్గన ఆకు పెట్టుకుని ఊరుకుంది.

నిద్దరొస్తోందా? ఇంకొంచెమే ఉంది. ఇటు తిరుగు.

మూడో గురువారం వచ్చింది. సన్నగా జల్లు పడుతోంది. దూరం మాత్రం కడిగినట్టు కనబడుతోంది. అచ్చాయమ్మ మూడోసారి ఎక్కింది. కసిరితే కసిరింది గానీ, కోటమ్మ మాట మర్చిపోలేదు. ముందు తన ఇల్లు చూసింది. ఉప్పువీధిలో, అగ్గిపెట్టెంత ఇల్లు. మేడ మీద ఎవరూ లేరు. అంత చిన్న ఇంట్లో అంత పెద్ద నోరు పెట్టుకుని ఉన్నానా అనుకుంది.

అక్కణ్ణించి కళ్ళతో నడవడం మొదలుపెట్టింది. పెళ్ళినాడు మేనా వచ్చిన దారి. ఇదిగో, ఇక్కడ సన్నాయివాళ్ళు ఆగి నీళ్ళు తాగారు. ఇదిగో, ఈ మలుపులో మేనా వొరిగితే నీలవేణి కెవ్వుమని అరిచి, వెంటనే నవ్వింది. ఇదిగో, ఈ కుమ్మరివీధిలో ఎవరో ముసలాయన కొత్త కుండ ఎదురు తెచ్చి శుభం అన్నాడు. నడుస్తూంటే ఆవిడకి ఆ సన్నాయి వినబడింది. కళ్ళు మూసుకున్నా దారి కనబడింది. మేనా వెనక్కి వెనక్కి, వెనక్కి వెనక్కి పోయి, చివరికి ఒక చిన్న మేడ ముందు ఆగింది.

అచ్చాయమ్మ కళ్ళు తెరిచింది. అదే తులశమ్మ మేడ.

మేడ మీద నీలవేణి లేదు. తులశమ్మ ఒక్కతే నిలబడి ఉంది. జల్లులో తడుస్తోంది. చేతిలో పని లేదు. తిన్నగా బురుజు వైపే చూస్తోంది. అచ్చాయమ్మ గతుక్కుమని స్తంభం చాటుకి పోయింది. కాసేపాగి తొంగి చూసింది. ఇంకా చూస్తోంది. మళ్ళీ దాక్కుంది. మళ్ళీ చూసింది. తులశమ్మ కదల్లేదు.

అంత దూరంనించి మొహం కనబడదు. కానీ ఎదురుచూసే మనిషి నిలబడే తీరు ఎంత దూరంనించైనా తెలుస్తుంది. కొడుకు పడవ కోసం తనూ అలాగే నిలబడుతుంది గదా! అప్పుడు అచ్చాయమ్మకి ఒక సంగతి తట్టింది. మాఘంనించి జ్యేష్ఠందాకా, నీలవేణి తన పక్కన కూర్చుని పావురాల కబుర్లు చెబుతుంటే, ఈవిడ ఇలాగే ఈ మేడ మీద ఒక్కతే నిలబడి ఉండుంటుంది. ఆ చూసే చూపంతా ఈవిడ దగ్గరే నేర్చుకుంది పిల్ల. ఈ మనిషినా నేను ఏమీ రాదన్నాను? ఆవిడకి ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని గట్టిగానే ఏడ్చింది.

ఆ తర్వాత దిగింది. గడప దాటి బయటికొచ్చింది. అరుగు మీద గొడుగులు వరసగా ఉన్నాయి.

"ఏం చూశావమ్మా?" అంది పేరమ్మ. ఈసారి ఎగతాళిగా అనలేదు.

అచ్చాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మూడు వారాలుగా నా కోడలి కోసం ఎక్కుతున్నానమ్మా. పిల్ల కనబడలేదు. వాళ్ళమ్మ కనబడింది. వానలో నిలబడి నావైపే చూస్తోంది. ఆ తల్లిని నేను అనరాని మాటన్నాను. వడియాలు తడిస్తే మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే. నా కోడలు ఇంక రాదేమోనని నాకు భయంగా ఉంది. అన్నం సయించట్లేదు. సాయంత్రమైతే ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదు. నేను చూసింది ఇదే" అంది.

గొడుగుల మీద జల్లు చప్పుడు ఒక్కటే వినబడింది.

అప్పుడు చివరి గొడుగు కిందనించి ఒక గొంతు, "మా అమ్మ చూసేది మిమ్మల్ని కాదు అత్తయ్యా" అంది.

గొడుగు పక్కకి తొలిగింది. నీలవేణి!

అచ్చాయమ్మ రెండడుగులు ముందుకేసింది. "నువ్వు... నువ్విక్కడేం చేస్తున్నావే అమ్మాయ్?"

"మన ఇల్లు చూద్దామని వచ్చాను" అంది నీలవేణి. "మీరు మేడ మీద కనబడతారేమోనని. మొదటి వారం గుమ్మం దాకా వచ్చాను. మీరిప్పుడే పైకెళ్ళారని కోటమ్మత్త చెప్పింది. మీరు దాటిన గడప నేనెలా దాటను? అందుకని అరుగు మీద కూర్చున్నాను. మీతో చెప్పొద్దని కోటమ్మత్తతో ఒట్టు వేయించుకున్నాను. మీరొచ్చి మబ్బు అన్నారు. పోయిన వారం ఏనుగన్నారు. మా ఇంటి మాట ఒక్కసారైనా ఎత్తుతారేమోనని చూశాను."

అచ్చాయమ్మ వెళ్ళి కోడల్ని పట్టేసుకుంది. అరుగు దగ్గర గడప లేదుగా, ఆషాఢం ఏమనుకుంటుంది? ఇద్దరూ ఏడ్చారు. పేరమ్మ కూడా ఏడ్చింది. ఆవిడకి ఏ సంబంధమూ లేదు, అయినా ఏడ్చింది.

ఆ తర్వాత అచ్చాయమ్మ, "మరి వదినగారు ఎవరి కోసం చూస్తున్నారే?" అంది.

"నా కోసమే. పైకెక్కి కొంగు ఊపుతానని చెప్పి వచ్చాను. మూడు వారాలనించి చెబుతున్నాను. నేను ఎక్కనూ లేదు, ఊపనూ లేదు. చీకటి పడేదాకా అలా చూస్తూనే ఉంటుంది. వానకి మసకేసి కనబడలేదు లేవే అంటుంది నాతో."

అచ్చాయమ్మ బురుజు కేసి చూసింది. మూడు వందల మెట్లు. మోకాళ్ళు అప్పటికే సలుపుతున్నాయి. కోడలు ఆ గడప దాటడానికి లేదు. ఇంక ఎవరు దాటాలి?

"ఉండు" అంది. మళ్ళీ గడప దాటింది. గోడ పట్టుకుని ఎక్కింది. నూరో మెట్టు దగ్గర కూర్చుంది. రెండు వందలో మెట్టు దగ్గర కూర్చుంది. మూడు వందలూ ఎక్కేసరికి జల్లు ఆగింది. మబ్బుల సందులోంచి ఎండ ఒక చార తులశమ్మ వీధి మీద పడింది.

తులశమ్మ అక్కడే ఉంది.

అచ్చాయమ్మ కొంగు పైకెత్తి ఊపింది. ముందు మెల్లగా ఊపింది. ఆ తర్వాత కాళ్ళ మడమలెత్తి, నీలవేణి ఎలా ఊపుతుందో అలా, చేయంతా తిప్పి ఊపింది. అక్కడ తులశమ్మ ఒక్క క్షణం నిలబడిపోయింది. అప్పుడు రెండు చేతులూ పైకెత్తింది. ఊపింది, ఊపింది, ఆపకుండా ఊపింది. చిన్నపిల్లలా మేడ ఈ చివరనించి ఆ చివరకి పరిగెత్తి అక్కణ్ణించి కూడా ఊపింది. ఊరు మీదుగా, ఇళ్ళ మీదుగా, ఆ రెండు కొంగులూ చాలాసేపు మాట్లాడుకున్నాయి.

అచ్చాయమ్మ కిందికి దిగేసరికి కోడలు గడప అవతలే నిలబడి ఉంది. "అమ్మ చూసిందా అత్తయ్యా?"

"చూసింది. నువ్వే అనుకుంది" అంది అచ్చాయమ్మ. "ఊపుతూ ఊపుతూ నేను కూడా కాసేపు ఆవిడ కూతుర్నే అనుకున్నాను."

ఇక ఆషాఢం ఎలాగో గడిచింది. శ్రావణం మొదటి రోజున అచ్చాయమ్మ తనే విస్తరాకుల వీధికి వెళ్ళింది. తులశమ్మ గడప దాటి, "వదినగారూ, నన్ను క్షమించండి" అంది. తులశమ్మ ఆవిడ చేయి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. మజ్జిగిచ్చింది. అంతే, ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత గురువారం ముగ్గురూ కలిసి చూపుల బురుజెక్కారు. మధ్యలో నీలవేణి, అటొకరు ఇటొకరు. నూరేసి మెట్లకి ఒకసారి ఆగారు. పైకి చేరేసరికి గాలి చల్లగా, మత్తుగా వీస్తోంది. తులశమ్మ అలవాటుగా ఉప్పువీధి వైపు చూసింది. అచ్చాయమ్మ అలవాటుగా విస్తరాకుల వీధి వైపు చూసింది. ఇద్దరి ఇళ్ళూ తాళం వేసి ఉన్నాయి. మేడల మీద ఎవరూ లేరు. వెతుక్కోవాల్సిన మనిషి పక్కనే నిలబడి, మబ్బుని చూస్తూ, ఇద్దరి చేతులూ పట్టుకుని ఉంది.

అప్పుడు, మొట్టమొదటిసారి, వాళ్ళిద్దరూ తీరిగ్గా ఊరు చూశారు.

మబ్బు కొండకి, గువ్వ గూటికి,
గాలి తోటకి, పడవ రేవుకి,
మెట్టు మెట్టు దిగి కథ కంచికి,
రెప్ప రెప్ప మూసి మనం మంచానికి.